తిరిగే చుక్క

రాజనర్సు సేటు చూపుడువేలు కొంగు మీద జరుగుతూ జరుగుతూ మూడో మామిడిపిందె పక్కన ఆగిపోయింది. కుంకుమ రంగు నేల మీద అక్కడ ఆవగింజంత జరీ చుక్క మెరుస్తోంది. నేను గీసిన డిజైన్‌లో ఆ చోట జరీ లేదు. ఎక్కడో ఒక పోగు లేవకూడనప్పుడు లేచింది.

"మొన్న చుక్క గిక్కడ లేకుండె," అన్నాడు సేటు. "మొన్న మొదటి పిందె మీదుండె. ఇయ్యాల మూడో పిందె కాడికి నడిసొచ్చింది. డిజైన్ల తప్పుంటే కూసున్న కాడ్నే కూసుంటది. తిరిగేది చేతి తప్పు. గిది నా మాట కాదు, మన తాతల నాటి మాట."

ఆ కొంగు నేసింది మా మామ నరహరి. మాస్కు గడ్డం కిందికి జారితే దాన్ని పైకి లాక్కోవడం కూడా మరచిపోయి ఆ చుక్కనే చూస్తున్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అత్త బాలవ్వ అంటూ ఉంటుంది. ఆమె మాట వమ్ము చేయడం ఎందుకని వెంటనే నోరు తెరిచాను.

"సేటూ, మీసం రాకముందుకెల్లి లూము మీదున్న మనిషి. గాయన నేసిన దాంట్ల ఎన్నడన్న చుక్క చూసినవా నువ్వు?"

"చూడలే. కరోనాకు ముందటి మాట గది. దవాఖానకెల్లి వచ్చినంక ఎంతమందికి కండ్లు మసకబడ్డయో నీకెర్క లేదా సుభాషిణీ? పోగులు ఒకదానికొకటి అంటుకున్నప్పుడు కండ్లతోటి చూసి ఇడదియ్యాలె. ఇడదియ్యకుంటె గిట్లనే తప్పు పోగు లేస్తది." సేటు గొంతు తగ్గించాడు. "నాకేం పగనా బిడ్డా? రాఖీకి ముందు చీరెల మాల్ పోవాలె. కిమ్ ఊరి నుంచి బక్కయ్యను పిలిచిన, సాయంత్రం షిఫ్టుకు వస్తుండు. జకార్డ్ లూము ఆయనకిస్త. నరహరన్న జర ఇంటికాడ అరాం చెయ్యనీ."

అరాం అట! ఒళ్ళు మండింది. ఏప్రిల్‌లో ఆక్సిజన్ మంచం దొరక్క ఆటోలో ఊరంతా తిప్పినప్పుడు మా మామ ఊపిరి కోసం కొట్టుకుంటూ అడిగింది ఒకటే మాట. "నా లూము ఎవలు నడుపుతున్నరు?" అని. చావును దాటి వచ్చినవాడు నెల తిరక్కుండా మళ్ళీ లూము దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఆ లూము మీద లేకపోతే ఆయన ఎట్లా బతుకుతాడో నాకు తెలియదు.

సూరత్ ఉధ్నాలోని ఆ కార్ఖానాలో పని జరిగే తీరు చెప్పాలి. లింబాయత్‌లో మా ఇంట్లో కంప్యూటర్ మీద నేను డిజైన్ గీస్తాను. దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని కార్ఖానాకు తెస్తే, లూము పైన ఉండే జకార్డ్ పెట్టె దాన్ని చదివి, ఏ పోగు ఎప్పుడు లేవాలో అప్పుడు లేపుతుంది. డిజైన్ పెట్టెలోకి ఎక్కగానే సేటు తన కళ్ళ ముందే పెన్‌డ్రైవ్ తుడిపించేస్తాడు. సూరత్‌లో చీరను దొంగిలించేవాళ్ళ కన్నా డిజైన్‌ను దొంగిలించేవాళ్ళే ఎక్కువ. అందుకని ఆ కట్టుబాటు. ఇక మా లూములు పాతవి. పోగు తెగితే వాటంతటవే ఆగవు. మనిషి కంటితో చూసి, ఆపి, ముడి వేయాలి. కన్ను సరిగా లేని మనిషికి ఆ లూముల మీద చోటు లేదు.

మొన్న మొదటి నమూనాలో చుక్క పడినప్పుడు సేటు నన్నే అన్నాడు. నేను ఇంటికి వచ్చి డిజైన్ అంతా వెతికాను. ఎక్కడా తప్పు కనబడలేదు. అయినా నిన్న మధ్యాహ్నం మళ్ళీ కొత్తగా ఫైలు తీసి ఇచ్చాను. రెండో నమూనాలో ఆ చుక్క పోయింది, ఇంకోటి ఇంకోచోట పుట్టింది. దాంతో నేను గట్టెక్కాను, మామ మునిగాడు.

ఇంటికి వచ్చాక మామ గడప పక్కన కూర్చుని కండె నుంచి పోగు తెంపాడు. కళ్ళు మూసుకుని ముడి వేశాడు. తెరిచి చూసుకున్నాడు. మళ్ళీ తెంపాడు, మళ్ళీ వేశాడు. ముడి బాగానే ఉంది, కానీ వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. నేను చూస్తున్నానని తెలిసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నా చెయ్యే కావచ్చు బిడ్డా," అన్నాడు. "నాకు తెల్వకుంటనే తప్పుతున్నదేమో."

ఆ మాట విన్నాక ఒక్క క్షణం నాకూ అనిపించింది, నిజమేనేమో అని. ఆ తర్వాత నా మీద నాకే కోపం వచ్చింది. విసురుగా వెళ్ళి కంప్యూటర్ పెట్టాను.

డిజైన్ తెరిచాను. పిందె పక్కన శుభ్రంగా ఉంది. మొదటి పిందె చూశాను, అదీ శుభ్రమే. చూస్తూ చూస్తూ ఉండగా మరో సంగతి గుర్తుకొచ్చింది. పోయిన వారం డిజైన్ ప్రోగ్రామ్ చెప్పాపెట్టకుండా రెండుసార్లు మూసుకుపోయింది. కరెంటు అటూ ఇటూ అయిందేమో అనుకుని వదిలేశాను. మరి ఆ రోజు కరెంటు పోలేదు కదా?

"నరేశ్!" అని కేకేశాను.

నరేశ్ నా మరిది. సూరత్‌లోనే పుట్టి పెరిగాడు. కాలేజీ పాఠాలు ఫోన్‌లో వింటూ, మిగతా పొద్దంతా ఆటలాడుతూ లాక్‌డౌన్ గడిపిన ఘనుడు. మా ఆయన పాండేసరాలో బట్టలకు రంగులద్దే డైయింగ్ మిల్లుకు పోతే రాత్రికి గానీ రాడు కాబట్టి, కంప్యూటర్ గురించి అడగాలంటే ఇంట్లో వీడే దిక్కు.

"ఈ కంప్యూటర్‌కు ఏమన్న చేసినవా నువ్వు?"

"నేనేం చేసిన వదినె? ఏక్‌దమ్ ఫస్ట్‌క్లాస్ నడుస్తున్నది."

"ఫస్ట్‌క్లాస్ నడిచేది వారంల రెండుసార్లు ఎందుకు పడిపోయింది?"

వాడి ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. తల గోక్కున్నాడు. "ఓవర్‌క్లాక్ చేసిన వదినె. జనవరిల."

"గదేంది మల్ల?"

"మెమరీని తేజ్ చేసిన. గేమ్‌ల కోసం గ్రాఫిక్స్ కార్డు కొందామంటే ధర ఆకాశంల ఉండె, దొరుకుడే లేదు. కార్డు లేని కంప్యూటర్ల మెమరీ తేజ్ చేస్తే బొమ్మ తేజ్ అయితది. లూము తీరే వదినె. కంపెనోడు ఇంత స్పీడు మీద నడుపుమంటడు, మనం జర ఎక్కువ మీద నడుపుతం. గంతే. మెమరీ ఇరవై ఆరొందల మీదుండె, ముప్పై ఆరొందల మీద పెట్టిన. నీ డిజైన్ గూడ జల్దీ తెరుచుకుంటున్నదని నువ్వే ఖుషీ అయితివి గదా! గుడ్డు కూర చేసి పెడితివి!"

గుడ్డు కూర చేసిన మాట నిజమే. అంతకు ముందు డిజైన్‌లో చిన్న చిలుక బొమ్మను అటు నుంచి ఇటు జరపాలంటే టీ తాగి వచ్చేంత సేపు పట్టేది. జనవరి తర్వాత చేయి ఎటు పోతే చిలుక అటు ఎగిరింది. ఎందుకని నేను అడగలేదు.

"తేజ్ నడిపితే లూముల పోగులు తెగుతయి. దీంట్ల ఏం తెగుతయి?"

వాడు తడుముకుంటూ చెప్పాడు. పని చేస్తున్నంత సేపు కంప్యూటర్ నా డిజైన్‌ను మెమరీలోనే పట్టుకుని ఉంటుందట. వేగం మితిమీరితే ఆ పట్టు ఎక్కడో జారుతుంది. డిజైన్‌లో ఒక్క గింజంత చుక్క తప్పుగా గుర్తుంటుంది. ఈసారి ఒక గింజ, వచ్చేసారి ఇంకో గింజ. డిస్కులో డిజైన్ బాగానే ఉన్నా, ఫైలుగా తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టేటప్పుడు తప్పు అందులోకి పోతుంది.

"అంటే, తీసినప్పుడల్లా కొత్త జాగల?"

"కావచ్చు. గని వదినె, నేను పెట్టినప్పుడు టెస్ట్ చేసిన. రాత్రంత నడిపిన. ఒక్క ఎర్రర్ రాలే. కసమ్!"

"మల్ల నడుపు. ఇప్పుడే."

అత్త పొద్దున్నే టీకా కోసం లైన్లో నిలబడటానికి పోయింది. ఇల్లు ఖాళీగా ఉంది. నరేశ్ కిటికీ తెరిచాడు, ఫ్యాన్ పెట్టాడు, మెమరీని పరీక్షించే ప్రోగ్రామ్ నడిపాడు. తెర మీద ఒక అంకె పెరుగుతూ పోయింది. దాని కింద తప్పుల లెక్క చూపే చోట సున్నా ఉంది.

అట్లాంటి ఎదురుచూపు పగవాడికి కూడా వద్దు. అన్నం వండాను, ఆ సున్నా చూశాను. గిన్నెలు తోమాను, మళ్ళీ చూశాను. తప్పు రావాలి, ఒక్క తప్పు రావాలి అని మార్కండేయ స్వామికి మొక్కుకున్నాను. తప్పు జరగాలని దేవుడికి మొక్కింది మా వంశంలో నేనొక్కదాన్నేనేమో. పొద్దు నడినెత్తికి ఎక్కినా సున్నా కదలలేదు.

"చూసినవా వదినె?" అన్నాడు నరేశ్. గెలిచిన గొంతు కాదది. "కంప్యూటర్ బరాబర్ ఉన్నది. అంటే మరి... బాపుదే."

గడప దగ్గర మామ విన్నాడు. తల ఊపాడు. నెమ్మదిగా అన్నాడు. "నరేశ్, బక్కయ్య వచ్చినంక ఒక ముచ్చట యాది చెయ్యి నాకు. గా లూము ఎడమ దిక్కు జర గుంజుతది. పడుగు గా దిక్కు వదులు చేసుకోవాలె. గాయనకు తెల్వదు గదా."

పక్కవాడికి అప్పగించే ముందు బిడ్డ అలవాట్లు చెప్పినట్టు చెప్పాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. వంటింట్లోకి పోయి కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

అప్పుడే అత్త వచ్చింది. టీకా వేసిన భుజం పట్టుకుని, లైన్లో నిలబెట్టినవాళ్ళను, ఎండను, సర్కారును కలిపి తిట్టుకుంటూ చరఖా ముందు కూలబడింది. "కండెలు చుట్టుడే కాలేదు, పొద్దంత లైన్లనే పాయె. ఏయ్, ఫ్యాన్ బంద్ చెయ్యుండ్రి! పోగు ఎగురుతది. కిటికీ ఎవలు తెరిచిండ్రు?"

లేచి కిటికీ మూసింది. ఫ్యాన్ ఆపింది. చరఖా మోటారు గుర్రుమంది. గాలికి సన్నటి పోగు ఎగిరి చిక్కు పడుతుందని మా ఇళ్ళల్లో కండెలు చుట్టేటప్పుడు ఫ్యాన్ వేయరు, కిటికీ తెరవరు. ఎండాకాలమైనా అంతే, ఉక్కపోసినా అంతే. వాన ముందటి ఉక్క అది, ఒక్క నిమిషంలో జాకెట్టు వీపుకు అంటుకుపోయింది.

నరేశ్ ప్రోగ్రామ్ మూసేయడానికి చేయి చాపాడు.

"ఆగు!" అని అరిచాను. వాడు అదిరిపడ్డాడు.

"ఏమైంది వదినె?"

"మూయకు. నడవనీ. నువ్వు జనవరిల టెస్ట్ చేసినవు. చలికాలం, రాత్రి. ఇయ్యాల ఫ్యాన్ పెట్టి, కిటికీ తెరిచి చేసినవు. నేను డిజైన్ తీసేటప్పుడు ఈ ఇంట్ల ఫ్యాన్ ఎన్నడన్న తిరిగిందా? మొన్నా నిన్నా మధ్యాహ్నం పూట అత్త గిక్కడ్నే కండెలు చుట్టుకుంట కూసున్నది. చెమట తుడుచుకుంట తీసిన నేను!"

నరేశ్ నా ముఖం చూశాడు, ఫ్యాన్ వైపు చూశాడు. కంప్యూటర్ డబ్బా మీద అరచేయి పెట్టి చూశాడు. "అరె, అవును వదినె! గరమైతే మెమరీ పట్టు తప్పుతది. నేను వోల్టేజ్ గూడ పెంచిన, ఇంకా గరమైతది."

"అత్తా, నువ్వు చుట్టుకుంటనే ఉండు. లేవకు."

"నేనెందుకు లేస్త? నాకేం పని లేదా?" అంది అత్త, ఏం జరుగుతోందో తెలియక.

నేనూ నరేశూ తెర ముందు నిలబడ్డాం. మామ కూడా లేచి వచ్చాడు. చరఖా తిరుగుతోంది. గది పొయ్యి మీద పెట్టిన కుండలా వేడెక్కింది. చెమట కంట్లోకి కారినా రెప్ప వేయబుద్ధి కాలేదు. అంకె పెరిగింది, సున్నా సున్నాగానే ఉంది. ఇక లేదు, అయిపోయింది అనుకుంటున్నాను.

తెర మీద ఎర్ర గీత పడింది. సున్నా ఒకటైంది. నేను ఊపిరి వదిలే లోపు రెండోది పడింది.

"వచ్చింది! అత్తా, తప్పు వచ్చింది!" అని ఎగిరాను. అత్త చరఖా ఆపి, వీళ్ళకు పిచ్చిగానీ పట్టిందా అన్నట్టు చూసింది. మామ ఆ ఎర్ర గీతను వేలితో తాకి, "గిదేనా?" అన్నాడు. "గిదే మామా, నీ చెయ్యి గాదు, గిదే!" అన్నాను. ఆయన సరే అన్నాడు గానీ ముఖం తేటపడలేదు. తెర మీది గీతకూ బట్ట మీది చుక్కకూ ఉన్న సంబంధం ఆయన మనసుకు ఎక్కలేదు.

ఇక నరేశ్‌తో పేచీ మొదలైంది. వాడు కంప్యూటర్ ఆపి, మళ్ళీ పెట్టి, సెట్టింగులుండే నీలం తెరలోకి పోయి, వేగం కొంచెం తగ్గించాడు. "ముప్పై నాలుగొందల మీద పెట్టిన. చూద్దాం." చూశాం. చాలాసేపు ఏమీ రాలేదు. గడియారం ముల్లు మాత్రం సాయంత్రం షిఫ్టు వైపు జరుగుతోంది. చివరికి ఒకే ఒక్క ఎర్ర గీత వచ్చి ఆగింది.

"ఒక్కటే వదినె! ఇంతసేపటికి ఒక్కటి. గింత మాఫ్. ఒక్క తాకాల రెండు మూడు పోగులు తెగుతయి, సేటు ఏమన్న అంటడా? ముడేసి నడుపుతరు. గట్లనే ఇది గూడ."

నాకు కోపం నషాళానికి అంటింది. నేతగాళ్ళ ఇంట్లో పుట్టినవాడికి తప్ప ఇలాంటి తర్కం ఇంకెవరికీ తట్టదు. మేం తాకా అనేది బట్ట చుట్టను. చుట్టకు ఇన్ని పోగులు తెగితే మాఫీ అని పుట్టినప్పటి నుంచి విన్నవాడు, మెమరీకి కూడా అదే మాఫీ కొలిచాడు.

"పోగు తెగితే కనబడ్తది నరేశ్! మనిషి చూస్తడు, ముడేస్తడు. గిది జారినట్టు ఎవలకు కనబడ్తది? ఎవలు ముడేస్తరు? గా ఒక్కటి పిందె మీద పడితే మీ బాపు ఇంట్ల కూసుంటడు!"

"మరైతే వోల్టేజ్ ఇంకింత పెంచి చూస్త."

"గరమైతున్నదంటే ఇంకా మంట పెడతనంటవేంది? కంపెనోడు చెప్పిన స్పీడు మీద పెట్టు. మొదట ఎట్లుండెనో గట్ల."

"మస్తు స్లో అయితది వదినె. నా గేమ్ గూడ..."

"నీ గేమ్ పాడుగాను!"

వాడు పాత వేగం మీద పెట్టాడు. కిటికీ మూసే ఉంచి, అత్తను చరఖా తిప్పుతూనే ఉండమని, పరీక్ష మళ్ళీ నడిపాం. తప్పు రాలేదు. చాలినంత సేపు నడపలేదని నాకు తెలుసు. ఇంకా నడపడానికి పొద్దు లేదు. డిజైన్ తెరిస్తే కంప్యూటర్ మళ్ళీ ముసలి ఎద్దయింది. తప్పుడు మెమరీ మీద ఇన్నాళ్ళు దాచిన డిజైన్ కదా, అందులోనే ఏదన్నా చేరి ఉంటే? అత్తను పక్కన కూర్చోబెట్టుకుని పిందె పిందె, చిలుక చిలుక చూశాం. ఒక్కో ముక్క తెర మీదికి రావడానికి ప్రాణం తీసింది. అత్త కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకుని, "ఈ చిలుక మంచిగున్నది, ఇంకోటి చూపెట్టు," అంటూ పోయింది. ఫైలు ఒకటికి రెండుసార్లు తీసి, రెంటినీ కంప్యూటర్‌తోనే పోల్చి చూపించాడు నరేశ్. తేడా లేదు.

"మామా, లేవుండ్రి. కార్ఖానాకు పోదాం."

"ఎందుకు బిడ్డా, మల్ల నలుగురి ముందట..." అన్నాడు మామ. నేను చెప్పులు తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టాను.

నరేశ్‌ను కూడా వెంటబెట్టుకుని మేం ఉధ్నా చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. బక్కయ్య అప్పటికే వచ్చి లూము పక్కన నిలబడి ఉన్నాడు. మామను చూడగానే తల దించుకున్నాడు. "నేను అడిగి రాలే అన్నా. పిలిస్తె వచ్చిన," అన్నాడు. మామ అతని భుజం తట్టాడు.

నేను చెప్పిందంతా రాజనర్సు సేటు చేతులు కట్టుకుని విన్నాడు. విని నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది బిడ్డా. కంప్యూటర్ చెడిపోతె బందయితది. గంత పెద్ద డిజైన్ అంత సక్కగ తీసి, ఒక్క చుక్క కాడ తప్పుతదా? ఎవలన్న వింటే నవ్వుతరు."

"నవ్వనీయుండ్రి. ఒక్క కొంగు నేయనీయుండ్రి సేటూ. మా మామనే నేస్తడు. ఒక్క చుక్క కనబడ్డా నేనే చెయ్యి పట్టుకొని ఇంటికి తీస్కపోత. మల్ల ఈ గడప తొక్కం, మేమూ మా డిజైన్లూ."

పెదవి దాటిన మాట, ఇక వెనక్కి రాదు. నరేశ్ నా వైపు భయంగా చూశాడు. సేటు ఏమీ తేల్చకముందే బక్కయ్య అందుకున్నాడు. "నేయనీ సేటూ. నేను ఆగుత."

పెన్‌డ్రైవ్ పెట్టెకు పెట్టారు, డిజైన్ ఎక్కింది, సేటు దాన్ని తుడిపించాడు. మామ లూము ముందు నిలబడి ఎడమ దిక్కు పడుగును కొంచెం వదులు చేశాడు. తర్వాత మీట లాగాడు.

ఆ మోతలో మాట వినబడదు. మా అందరి కళ్ళూ కొంగు మీదే ఉన్నాయి. మొదటి పిందె వచ్చింది. శుభ్రంగా ఉంది. రెండోది వచ్చింది. మూడో పిందె సగానికి వచ్చేసరికి నేను నరేశ్ చేయి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే వాడు వదిలించుకున్నాడు. అదీ శుభ్రంగానే పోయింది. చిలుకలు వచ్చాయి, పోయాయి. చివరి అంచు దగ్గరపడింది. ఇంక భయం లేదు అనుకున్నాను.

ఉన్నట్టుండి మామ చేయి పైకి లేచింది. లూము ఆపేశాడు.

కార్ఖానాలో మిగతా లూములు మోగుతూనే ఉన్నాయి గానీ నాకు ఏమీ వినబడలేదు. ఎందుకు ఆపాడు? ఆయన పడుగు మీదికి వంగాడు, వేళ్ళతో ఏదో వెతికాడు, ఏదో చేశాడు. మళ్ళీ మీట లాగాడు. ఆ వేళ్ళు వణుకుతున్నాయా లేదా అన్నది నేను నిలబడ్డ చోటికి కనబడలేదు.

కొంగు కోసి బల్ల మీద పరిచారు. సేటు వేలు మొదటి పిందె నుంచి బయలుదేరింది. పిందెలు దాటింది, చిలుకలు దాటింది. చుక్క లేదు. ఒక్కటి కూడా లేదు. నరేశ్ మాస్కు కింద నవ్వడం నాకు తెలుస్తోంది. అంతలో అంచు దగ్గర ఆ వేలు ఆగిపోయింది.

"గిదేంది?"

వంగి చూశాను. మొదట ఏమీ కనబడలేదు. బట్టను అటూ ఇటూ వంచితే సన్నటి గీత కనబడింది. కుంకుమ మీద కుంకుమే. ఇప్పుడు నిందించడానికి కంప్యూటర్ లేదు, ఓవర్‌క్లాక్ లేదు. ఏమీ లేవు.

"గది నాది," అన్నాడు మామ. "పోగు తెగింది. ముడేసిన."

సేటు బట్టను ఎత్తి ట్యూబ్‌లైట్ కిందికి పట్టుకున్నాడు. పోగు తెగి గీత ఎక్కడ మొదలైందో అక్కడ ఒక వేలు పెట్టాడు. ముడి పడి గీత ఎక్కడ ఆగిందో అక్కడ పక్క వేలు పెట్టాల్సి వచ్చింది. ఆ రెండు వేళ్ళ మధ్య ఖాళీ లేదు. చాలాసేపు అట్లాగే చూశాడు. తర్వాత బక్కయ్య చేతికి ఇచ్చాడు. "నీకు కనబడ్తున్నదా?"

బక్కయ్య కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ముడి కనబడ్తలేదు సేటూ. చేతికి తగుల్తున్నది." ఆగి, మళ్ళీ అన్నాడు. "నడుస్తున్న లూము మీద, గీ రంగుల, నేనైతే జానెడు పోయినంక గని చూడను."

సేటు బట్ట మడతపెట్టాడు. ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు. "బక్కయ్యా, నువ్వు మూల లూము చూసుకో. నరహరన్నా, రేపటి సంది నువ్వే మాల్ ఎక్కిచ్చు." అని లోపలికి పోయాడు. తప్పయిందన్న మాట ఆయన నోటి నుంచి రాలేదు, రాదని నాకూ తెలుసు. పోనీ.

నరేశ్ ఎగిరి గంతేశాడు. నేను మామ వైపు తిరిగాను. ఆయన మడత విప్పి, ఆ గీత మీద బొటనవేలితో రాస్తున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు.

"ఏంది మామా, గెలిచినంక ఏడుస్తరా?"

"గా చుక్కలు నేను చేసిన్నో లేదో నాకే తెల్వకపాయె బిడ్డా. నా చెయ్యి నాది కానట్టే ఉండె ఈ రెండు రోజులు," అన్నాడు. వేలు ఇంకా ఆ గీత మీదే ఉంది. "గిది మాత్రం నాదే. తెగింది నాకు కనబడ్డది."

కళ్ళు తుడుచుకుని, మాస్కు పైకి లాక్కుని, లూము దగ్గరికి పోయాడు.